మూత ఫోను

కారు లాంగ్ లేక్ రోడ్డు మీదికి తిరిగిందో లేదో, ఉమామహేశ్వరి గుండె మళ్లీ పరుగందుకుంది. విద్య వాళ్ల ఇల్లు ఇంకా రెండు సిగ్నళ్ల అవతల ఉంది. పక్కసీట్లో శ్రుతిపెట్టె, సంగీతం పుస్తకాల సంచి. విద్య కూతురు హాసినికి వర్ణంలో చివరి భాగం ఈవేళ మొదలుపెడతానని మాటిచ్చింది. గుళ్లో ఉగాది కార్యక్రమానికి పట్టుమని రెండు వారాలు లేవు. ఇప్పుడే రావాలా ఈ మాయరోగం అని విసుక్కుంటూ, వెనక ట్రక్కువాడు హారన్ కొడుతున్నా లెక్కచేయకుండా, కుడిపక్క బ్యాంకు పార్కింగ్‌లోకి కారు తిప్పి ఆపింది.

కళ్లు తిరగడం లేదు. చెమటలు పట్టడం లేదు. గుండె ఒక్కటే టకటకా కొట్టుకుంటోంది. ఆవిడ కుడిచెయ్యి తనంతట తనే స్టీరింగు మీద ఆదితాళం వెయ్యడం మొదలుపెట్టింది. దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ట్రాయ్ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లల్లో సగంమంది చేతులకు తాళం నేర్పిన చెయ్యి అది. ఆవర్తనం తర్వాత ఆవర్తనం వేసి చూసింది. గుండె ఎక్కడా జారలేదు, ఎక్కడా ముందుకు తోసుకుపోలేదు. ఆవిడకు ఆశ్చర్యమేసింది. స్టేజీ మీద భయపడ్డ పిల్లకి కాలం నిలవదు, పల్లవి నుంచి చరణానికి వచ్చేసరికి ఉరుకులు పరుగులు. మరి తన గుండె భయంతో కొట్టుకుంటుంటే ఇంత నిలకడగా ఎలా కొట్టుకుంటుంది?

ఇంతలో పైట కింద ఫోను మోగింది. సీటు బెల్టు ఊడదీసి, ఎడమ భుజం కింద జాకెట్టు బిగుతుగా ఉండేచోట దోపుకున్న ఫోనును పైకి లాగి, మూత తెరిచి చెవికి పెట్టుకుంది. ఎవరని చూడక్కర్లేదు. ఆ వేళప్పుడు ఫోను చేసేది భర్త వీరభద్రరావు ఒక్కడే.

"చేరావా?"

"లేదండీ. దార్లో ఆపాను. మళ్లీ వచ్చింది."

"ఎక్కడున్నావ్? అక్కణ్ణించి కదలకు. రాజ్‌ని తీసుకుని వస్తున్నా. ఇప్పుడెలా ఉంది?"

ఉమామహేశ్వరి ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. గుండె ఎప్పుడు నెమ్మదించిందో నెమ్మదించేసింది.

"తగ్గిందండీ."

"చూశావా! నా గొంతు వినగానే తగ్గింది. ఇది యాంగ్జయిటీ ఉమా. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, నువ్వు వినవు."

ఆవిడకు ఒళ్లు మండింది. ఆయన గొంతు విని నెమ్మదించే గుండె అయితే పెళ్లయిన మర్నాడే నెమ్మదించి ఉండేది. పైకి మాత్రం, బ్యాంకు పేరు చెప్పి ఫోను మూత టప్పున మూసింది.

ఆ ఫోను వెనక పెద్ద ఒప్పందమే ఉంది. జనవరిలో ఆవిడ వంటింట్లో కుప్పకూలింది. ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టించుకుని ఇంటికి వచ్చాక, పాఠాలకు వెళ్లాలంటే వీరభద్రరావు ఒకటే షరతు పెట్టాడు. ఫోను ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, మూడో రింగులోపు ఎత్తాలి. లేకపోతే పోలీసులకు చెప్తాడట. హ్యాండ్‌బ్యాగులో పెడితే మూడో రింగుకి చేతికి దొరకదు. చీరకు జేబులుండవు. వాళ్లమ్మ, అమ్మమ్మ చిల్లర పర్సు ఎక్కడ దోపుకునేవారో ఆవిడా అక్కడే దోపుకుంది. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆడవాళ్లు పైట కింద ఏం దాచుకుంటారో ఆయన ఎన్నడూ పట్టించుకున్న మనిషి కాదు.

పావుగంటలో వచ్చేశారు. పక్కింటి కుర్రాడు రాజ్ ఆవిడ కారు తోలుకుని వెళ్లాడు. ఆవిడ భర్త పక్కన కూర్చుని ఇంటికి వెళ్లింది. ఇంటికి చేరగానే రాజ్ ఇచ్చిన కారు కీస్ వీరభద్రరావు తన కోటు జేబులో వేసుకున్నాడు. "కొన్నాళ్లు నా దగ్గరుంటాయ్ లే," అన్నాడు, ఏదో బరువు మోసిపెడుతున్నవాడిలాగా.

మర్నాడు, మంగళవారం పొద్దున్న, ఆస్పత్రిలో ఫోను, గాజులు, మెళ్లో గొలుసు అన్నీ తీసి ట్రేలో పెట్టించి, ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టారు. ట్రే తీసుకెళ్లి బయట కూర్చున్న వీరభద్రరావు ఒళ్లో పెట్టారు. టెక్నీషియన్ అమ్మాయి తెరమీద గీతలు చూస్తూ, గాజంత గుండ్రటి బిళ్ల ఒకటి తెచ్చి ఎడమవైపు ఛాతీ మీద ఆనించింది. "ఇది మాగ్నెట్. గుండె కాస్త స్పీడుగా కొట్టుకుంటుంది. భయపడకండి, బ్యాటరీ చూడ్డానికి ఇలాగే చేస్తాం," అని ఇంగ్లీషులో చెప్పింది.

గుండె పరుగు తీసింది. దుప్పటి కింద ఆవిడ వేళ్లు కదిలాయి. దెబ్బ, మూడు వేళ్లు. ఉమామహేశ్వరి ఉలిక్కిపడింది. ఇది తనకు తెలిసిన నడకే. ఎక్కడో విన్న కాలమే. డాక్టరు లోపలికి వచ్చాడు, వెనకే వీరభద్రరావు.

"డాక్టర్, ఇందాక ఈ బిళ్ల పెట్టినప్పుడు నాకు కార్లో వచ్చినట్టే..." అని మొదలుపెట్టింది.

"అది అందరికీ అలాగే అనిపిస్తుంది ఉమా," అని వీరభద్రరావు మధ్యలో అందుకున్నాడు. "వాళ్లు చెప్పే ఉంటారుగా స్పీడవుతుందని. ఇప్పుడు నువ్వు దానికీ దీనికీ ముడిపెట్టి కంగారుపడకు." ఆ తర్వాత డాక్టరు వైపు తిరిగి, డ్రైవింగ్‌లో మాత్రమే వస్తుందనీ, ఇంట్లో రాదనీ, పక్కసీట్లో కూర్చుంటే రాదనీ, ఫోన్లో మాట్లాడగానే తగ్గుతుందనీ చక్కగా వరసపెట్టి చెప్పాడు. ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే ఆవిడకు మరీ కడుపుమంటగా ఉంది.

డాక్టరు తల ఆడించాడు. మిషన్ పర్ఫెక్ట్‌గా ఉందన్నాడు. పేస్‌మేకర్ పెట్టాక కొందరికి ఇలాంటి భయం పట్టుకోవడం మామూలే అన్నాడు. చిన్న మాత్ర రాస్తాను, భయం పోయేదాకా డ్రైవింగ్ మానెయ్యమనండి అన్నాడు. మానెయ్యమనండి అని ఆయనతో అన్నాడు. మంచం మీద నిక్షేపంలా కూర్చుని, తెలివిగా వింటున్న మనిషితో కాదు.

దారిపొడవునా వీరభద్రరావు హుషారుగా కారు నడిపాడు. ఆవిడ పక్కసీట్లో, ఫోను మళ్లీ జాకెట్టులోకి తోసుకుని, కిటికీలోంచి రోడ్డుపక్క మిగిలిపోయిన మంచుకుప్పల్ని చూస్తూ కూర్చుంది. బిగ్ బీవర్ రోడ్డు దగ్గర సిగ్నల్ పడింది.

"ఇప్పుడు వస్తోందా?"

"లేదు."

"రాదు. నీ చేతిలో స్టీరింగ్ లేదుగా."

ఆవిడ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. వాదిస్తే ఏం లాభం? ఆయన లెక్కలో ప్రతిదీ సరిపోతోంది. లెక్క తప్పని తనకు తెలుసు, ఎక్కడ తప్పో తెలియడం లేదు.

బుధవారం పొద్దున్న చార్జర్ కోసం సొరుగు తీస్తే, ఫోనుతో వచ్చిన చిన్న పుస్తకం కనిపించింది. కళ్లజోడు పెట్టుకుని వంటగది బల్ల దగ్గర నిలబడే చదివింది. పెట్రోలు బంకులో వాడకండి, విమానంలో ఆపెయ్యండి, పేలుడు పనులు జరిగేచోట ఆపెయ్యండి. ఆ తర్వాత పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు విడిగా నాలుగు మాటలు. ఫోను ఆన్‌లో ఉన్నప్పుడు పేస్‌మేకర్‌కి ఆరంగుళాల దూరంలో ఉంచాలి. చొక్కా జేబులో పెట్టుకోకూడదు. రెండోవైపు చెవికి పెట్టుకోవాలి. అనుమానం వస్తే వెంటనే ఆపెయ్యాలి.

ఉమామహేశ్వరి ఆ పుస్తకం పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగింది. వీరభద్రరావు అక్కడ పాత వ్యాక్యూమ్ క్లీనర్ విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. కార్ల కంపెనీలో బ్రేకుల సెన్సార్లు చూసి రిటైరైన మనిషికి ఇంట్లో ఏదో ఒకటి విప్పితే తప్ప పొద్దుపోదు.

"ఇది చదివారా మీరు?"

"కుడిచెవికి పెట్టుకోమని చెప్పానుగా."

"ఆరంగుళాల దూరం అని చెప్పలేదు. నేను జాకెట్లో పెట్టుకుంటున్నాను. ఇదిగో, ఇక్కడ."

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఆ ఒక్క క్షణం ముఖంలో రంగు మారింది. మరుక్షణమే ఇంజనీరు తేరుకున్నాడు.

"చూడు ఉమా. ఆ ఆరంగుళాలు లాయర్లు రాయించిన మాట. ఊరికే జేబులో ఉన్న ఫోను టవర్‌తో ఎప్పుడో ఓసారి క్షణంపాటు మాట్లాడుతుంది, అంతే. పవర్ ఎక్కువ వాడేది మనం మాట్లాడేటప్పుడు. నీకు మాట్లాడగానే తగ్గింది. రేడియో వల్లయితే అప్పుడు ఎక్కువవ్వాలి కదా?"

"మాట్లాడేప్పుడు చెవి దగ్గరుంటుంది. మామూలప్పుడు గుండె మీద ఉంటుంది."

"అయితే వంటింట్లో పైట కింద పెట్టుకు తిరిగినప్పుడు ఎందుకు రాలేదు? నిన్న నా పక్కన కూర్చున్నప్పుడు ఎందుకు రాలేదు?"

అయినా ఆవిడ పట్టు వదల్లేదు. ఫోను పూర్తిగా ఆపేసి కారు నడుపుతాను, మీరే పక్కన కూర్చుని చూడండి అంది. రేడియో లేనప్పుడు రాకపోతే తప్పు ఫోనుదే. దానికి ఆయన ఒప్పుకున్నాడు. ప్రయోగం అన్న మాట వింటే ఆయనకు కాదనడానికి నోరు రాదు.

మిడిల్ స్కూలు వెనక ఖాళీ పార్కింగ్‌కి ఆయనే కారు తోలుకెళ్లి, సీటు మారాడు. ఉమామహేశ్వరి ఆయన కళ్లముందే ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని, తెర నల్లబడేదాకా ఆగి, ఫోనును అలవాటుగా పైట కింద దోపుకుంది. బెల్టు పెట్టుకుంది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో బాస్కెట్‌బాల్ స్తంభం దగ్గర మలుపు తిప్పుతుండగా గుండె అందుకుంది. అదే నడక, అదే నిలకడ. ఆవిడ కారాపి, బెల్టు ఊడదీసి తలుపు తెరుచుకుని కిందికి దిగింది. ఏప్రిల్ మొదటివారం గాలి ముఖానికి కొట్టింది. దిగేసరికి తగ్గిపోయింది.

"వచ్చిందా?" అన్నాడాయన.

అబద్ధం చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. కానీ తాళం తప్పితే తప్పిందని పిల్లల ముఖం మీదే చెప్పే మనిషి ఆవిడ.

"వచ్చింది."

ఆయన విజయగర్వంతో నవ్వి ఉంటే ఎదురు తిరిగి ఉండేది. ఆయన నవ్వలేదు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే. మాత్రలు వాడదాం. అదే సర్దుకుంటుంది," అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనమే ఆవిణ్ణి ముల్లులా పొడిచింది. తన సాక్ష్యంతో తనే ఓడిపోయింది, ఇక ఈ ఇంట్లో తన గుండె గురించి తను ఏం చెప్పినా చెల్లదు.

గురువారం మధ్యాహ్నం విద్యకు ఫోను చేసింది. వచ్చేవారం నుంచి భర్త దింపుతాడు, టైము అటూ ఇటూ మార్చుకుందామని అడగడానికి. ఆయన్ని దింపమని అడగడం తలుచుకుంటేనే చిన్నతనంగా ఉంది, కానీ వర్ణం మధ్యలో ఆగిపోయింది.

"ఆంటీ! ఎలా ఉన్నారు? మీరు లేచి తిరగొచ్చా?" అంది విద్య కంగారుగా.

"తిరక్కేమమ్మా. నాకేమైంది?"

"అంకుల్ మంగళవారం ఫోన్ చేశారు కదా ఆంటీ. మీ నంబర్ నుంచే. కంప్లీట్ రెస్ట్ అన్నారంట డాక్టర్. ఇంక క్లాసెస్ ఉండవు, వేరే టీచర్‌ని చూసుకోండమ్మా అన్నారు. నేనైతే ఏడ్చేశాను తెలుసా. ప్రోగ్రాం దగ్గరికొచ్చేసింది కదా, అందుకని హాసినిని నోవైలో ఒకావిడ దగ్గర జాయిన్ చేశాం. మీకు చెప్దామంటే, మీకు స్ట్రెస్ ఇవ్వొద్దన్నారు అంకుల్."

"మంగళవారం ఎప్పుడు?"

"పొద్దున్నే ఆంటీ. పదిన్నర అలా. అందరికీ చేశారంట, ఇషా వాళ్ల మమ్మీ కూడా చెప్పింది."

మంగళవారం పదిన్నరకి తను ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉంది. తన ఫోను ట్రేలో ఆయన ఒళ్లో ఉంది. డాక్టరు ఇంకా గదిలోకి రానైనా రాలేదు.

ఉమామహేశ్వరి ఫోను మూసి హాల్లోకి వెళ్లింది. వీరభద్రరావు పేపరు చదువుకుంటున్నాడు.

"నా పిల్లలకి నేను పాఠాలు చెప్పనని మీరెవరండీ చెప్పడానికి?"

ఆయన పేపరు దించాడు. బుకాయించలేదు. "నేను చెప్తే నువ్వు మానేస్తావా? మానవు. అందుకే చెప్పాను. నీ మంచికే."

"డాక్టరు ఇంకా నన్ను చూడనేలేదు. రెస్ట్ అన్నాడని చెప్పారట!"

"తర్వాత అన్నాడుగా."

ఇంకొక్క నిమిషం అక్కడుంటే ఏమంటుందో తనకే తెలియక, పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఫోనును అద్దం బల్ల మీదికి విసిరింది. పైట భుజాన్ని లాగేస్తున్నట్టు, అంతా ఉక్కిరిబిక్కిరిగా ఉంది. పిన్నీసు ఊడబీకి దాన్నీ బల్ల మీద పడేసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకుని చూసేసరికి, పిన్నీసు బల్ల మీద లేదు. ఫోను మూతకు అంటుకుని ఉంది.

వేలితో తోసింది. పక్కకు జరిగి మళ్లీ అంటుకుంది. గాజుకు వేలాడుతున్న ఇంకో పిన్నీసు తీసి దగ్గర పెడితే, అదీ టిక్కున అంటుకుంది. మూత తెరిచి చూసింది. పట్టుకుంటున్నది మూత అంచు.

ఉమామహేశ్వరి మంచం అంచున కూర్చుంది. గుండ్రటి బిళ్ల. ఇది మాగ్నెట్, గుండె కాస్త స్పీడుగా కొట్టుకుంటుంది. ఎర్ర బటన్ నొక్కి ఫోను ఆపేసింది. మూసిన ఫోనును ఎడమ భుజం కింద, పేస్‌మేకర్ చర్మం కింద గట్టిగా తగిలేచోట ఆనించి, అరచేత్తో అదిమింది. గుండె అందుకుంది. రెండోచెయ్యి తొడమీద తాళం వేసింది. ఎక్కడా జారని ఆ నడకే. ఫోను తీసేసింది. నెమ్మదించింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. భయం కాదు. పిచ్చి కాదు. అది మిషన్ వేస్తున్న తాళం, అందుకే అంత నిలకడ. ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పైట ఎలా ఉందో అలాగే లేచి, అద్దం ముందు నిలబడి, కార్లో కూర్చున్నట్టు చేతిని ఎడమ భుజం మీంచి కుడి నడుం దాకా ఏటవాలుగా తీసింది. డ్రైవర్ సీట్లో బెల్టు వచ్చేది అటునుంచే. సరిగ్గా ఫోను మీంచే వెళ్తుంది, దాన్ని లోపలికి అదుముతుంది. పక్కసీట్లో అయితే బెల్టు కుడి భుజం మీంచి వస్తుంది.

"ఏమండీ! ఒకసారి రండి!"

ఆ కేకకి వీరభద్రరావు పేపరుతో సహా పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆయన ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"నాకేం కాలేదు. ఇలా కూర్చుని నా నాడి పట్టుకోండి. నేను చెప్పేదాకా మాట్లాడొద్దు."

ఆయన కూర్చున్నాడు. ఆవిడ మణికట్టు మీద వేళ్లు వేశాడు. ఆవిడ ఫోను ఆనించింది, తీసింది. ఆనించింది, తీసింది. మూడోసారికి ఆయన నుదుట గీతలు పడ్డాయి. ఆవిడ పిన్నీసు తీసి మూతకు అంటించి చూపించింది. బెల్టు ఎటునుంచి వస్తుందో చేత్తో గీసి చూపించింది.

"మాగ్నెట్," అన్నాడాయన గొణుక్కుంటున్నట్టు. "మూత మూసుకుందని ఫోనుకి తెలియాలిగా. దానికోసం పెడతారు. రేడియో ఆపినా మాగ్నెట్ ఆగదు." ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి, పిన్నీసు తనే రెండుసార్లు అంటించి చూశాడు. ముఖం విప్పారింది. "అందుకే పక్కసీట్లో రాలేదు! బెల్టు తీసి మాట్లాడగానే తగ్గింది! చూశావా, అన్నీ సరిపోయాయి. అయితే రేడియో కాదన్నమాట. నేను చెప్పానా లేదా?"

ఉమామహేశ్వరి ఆయన చేతిలోంచి పిన్నీసు తీసుకుని పైటకు పెట్టుకుంది.

శుక్రవారం ఆవిడే ఆస్పత్రికి ఫోను చేసి సంగతి చెప్పింది. అక్కడి అమ్మాయి డాక్టరుని అడిగి గంటలో తిరిగి చేసింది. మాగ్నెట్ ఉన్న వస్తువు మరీ దగ్గరగా పెడితే అలా జరగొచ్చు, ఫోను ఒంటికి దూరంగా పెట్టుకోండి, మాత్రలు అక్కర్లేదు, కారు నడపొచ్చు. అంతా రెండు ముక్కల్లో అయిపోయింది.

సాయంత్రం రాజ్ పలకరించడానికి వచ్చాడు. వీరభద్రరావు పేపర్ నాప్‌కిన్ మీద బొమ్మ గీసి చూపించాడు. ఇది సీటు బెల్టు, ఇది పేస్‌మేకర్, ఇది మూతలో మాగ్నెట్.

"ఫస్ట్ ఎక్స్‌పరిమెంట్‌లో రేడియోని ఎలిమినేట్ చేశాం," అన్నాడు. "అప్పుడు మిగిలేది ఏంటి చెప్పు? మాగ్నెటిక్ ఫీల్డ్. పల్స్ నేనే చూశాను, స్విచ్ వేసినట్టు మారిపోయింది."

"అబ్బ, సూపర్ అంకుల్," అన్నాడు రాజ్. "భలే పట్టుకున్నారు. ఆంటీ, మీరు లక్కీ."

కాఫీ కప్పులు బల్లమీద పెట్టి ఆవిడ వెనక్కి తిరిగింది. భలే పట్టుకున్నారు! ఆయన కాదనలేదు. కాఫీ చప్పరించి, పంచదార తగ్గిందన్నాడు. వంటింట్లో సింకు పట్టుకుని నిలబడి, ఈ ఇంట్లో ఇంకొక్కరోజు ఇలా నోరుమూసుకుంటే తన గుండెకు నిజంగానే ఏదో అవుతుందనుకుంది ఉమామహేశ్వరి.

శనివారం పొద్దున్న ఆయన ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, బల్ల మీద ఆయన ముందు ఫోను పెట్టింది.

"చెయ్యండి."

"ఎవరికి?"

"మంగళవారం ఎవరెవరికి చేశారో వాళ్లందరికీ. నా పాఠాలు మీరు ఆపారు. మీరే మొదలుపెట్టండి."

"నువ్వు చెప్తే సరిపోతుంది కదా. ఏదో మిస్అండర్‌స్టాండింగ్ అని."

"నాకు మిస్అండర్‌స్టాండింగ్ ఏం లేదు. మీరే చెప్పాలి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూసి, ఇక లాభం లేదనుకున్నట్టున్నాడు. ఇషా వాళ్లమ్మ నంబరు కలిపాడు. "ఆ, అమ్మా, నేను వీరభద్రరావుని. ఉమామహేశ్వరి ఆంటీ బానే ఉన్నారు. అసలు సంగతేంటంటే, ఈ ఫ్లిప్ ఫోన్లలో మూత దగ్గర ఒక చిన్న మాగ్నెట్ ఉంటుంది, సీటు బెల్టు పెట్టుకున్నప్పుడు..."

ఉమామహేశ్వరి చెయ్యి చాపి, ఆయన చెవి దగ్గరున్న ఫోను మూత మూసేసింది. కాల్ తెగిపోయింది.

"అదేంటి!"

"మాగ్నెట్ సంగతి ఆవిడకెందుకు? మీరు చెప్పిన అబద్ధం సంగతి చెప్పండి. మళ్లీ చెయ్యండి."

ఆయన ముఖం ఎర్రబడింది. లేవబోయి, లేవలేదు. ఫోను మూత తెరిచి, వేలితో నంబర్లు తడిమాడు. "నువ్వు కిందపడ్డప్పుడు," అన్నాడు తల ఎత్తకుండా, "నీ నాడి నాకు దొరకలేదు ఉమా. అంబులెన్సు వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నా. నువ్వు కారెక్కిన ప్రతిసారీ నా చేతికి మళ్లీ నాడి దొరకనట్టే ఉంటుంది."

ఈ మాట ఆయన ఇంతవరకూ అనలేదు. ఉమామహేశ్వరికి అప్పటిదాకా కూడగట్టుకున్న కోపంలో సగం ఎటో పోయింది. ఆయన చేతిమీద చెయ్యి వేసింది.

"ఆ భయం మీది. నాది కాదు. అందరికీ నాదని చెప్పారు," అంది. తర్వాత చెయ్యి తీసేసి, "కలపండి," అంది.

ఈసారి ఆయన నెమ్మదిగా మాట్లాడాడు. "అమ్మా, ఇందాక లైన్ కట్టయింది. మంగళవారం నేను చెప్పింది నిజం కాదమ్మా. డాక్టర్ రెస్ట్ అనలేదు అప్పటికి. ఆవిణ్ణి అడక్కుండా నేనే చెప్పాను. ఆవిడ పాఠాలు మానలేదు." అవతల ఏదో అడిగారు. "ఈవేళా? పదకొండుకి? ఉండు, అడుగుతాను." ఆవిడ తల ఊపింది. "వస్తుందమ్మా."

తర్వాత విద్య. ఆయన అవే మాటలు చెప్పాడు, ఈసారి కొంచెం తక్కువ తడబడ్డాడు. విద్య మాటలు బయటికే వినిపిస్తున్నాయి. అయ్యో అంకుల్, ఇప్పుడెలా, అక్కడ రెండు క్లాసులు అయిపోయాయి, ఆ మేడమ్ వర్ణం మొత్తం వేరేలా మొదలుపెట్టించారు, మళ్లీ మారిస్తే హాసిని కన్ఫ్యూజ్ అయిపోతుందేమో. ఉమామహేశ్వరి ఫోను అందుకుంది.

"మార్చకు విద్యా. ప్రోగ్రాం ముందు అలా చెయ్యకూడదు. అక్కడే పాడనీ."

"ఆంటీ, ఏమనుకోకండి..."

వెనకనుంచి హాసిని గొంతు వినిపించింది. "మమ్మీ, ఆంటీ వస్తుందా? చెప్పు, నాకు ఆ లాస్ట్ పార్ట్ రాలేదు అని చెప్పు."

"వింటానని చెప్పమ్మా. ముందు వరసలో కూర్చుంటాను," అని ఉమామహేశ్వరి ఫోను భర్త చేతికి ఇచ్చేసింది. వేలు పట్టుకుని నేర్పిన పిల్ల. సా దగ్గర పెదవి వంకర పెట్టే అలవాటు మాన్పించడానికి ఆర్నెల్లు పట్టింది. ఆ పిల్ల ఇక తనది కాదు. ఫోనుకు అంటుకున్న పిన్నీసు చూసి నవ్వుకున్నంత మాత్రాన పోయింది తిరిగి రాదు.

వీరభద్రరావు ఆవిడ ముఖం చూశాడు. ఈసారి ఆయనకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. "ఉమా, నేను..." అన్నాడు.

"ఇంకా నలుగురున్నారు," అందావిడ.

ఆయన తల వంచుకుని తర్వాతి నంబరు వెతకసాగాడు. ఉమామహేశ్వరి లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. శ్రుతిపెట్టె, పుస్తకాల సంచి తీసుకుంది. తలుపు పక్కన తగిలించిన ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి కారు కీస్ తీసుకుంది. ఆయన అది చూశాడు. మళ్లీ నంబర్ల మీదికి తల వంచాడు. ఆవిడ చెప్పులు వేసుకుని తలుపు తీశాక మాత్రం కుర్చీలోంచి సగం లేచాడు.

"ఫోను? సంచిలో వేసుకో. ఏదైనా అయితే..."

"అది మీకు కావాలిగా," అందావిడ. "పని పూర్తి చెయ్యండి."

తలుపు మూసుకుంటుండగా, వెనక ఆయన గొంతు మొదలయింది. అమ్మా, నేను వీరభద్రరావుని. మంగళవారం నేను చెప్పింది నిజం కాదమ్మా. ఆవిడ కారెక్కి బెల్టు పెట్టుకుంది. ఎడమ భుజం మీంచి బెల్టు వచ్చి ఛాతీ మీద ఆనింది. డ్రైవ్‌వే దాటి, సందు దాటి, రాచెస్టర్ రోడ్డు ఎక్కింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కుడిచెయ్యి స్టీరింగు మీద తాళానికి లేచింది. తన గుండె తాళంతో కలవలేదు. ఒక దెబ్బ కాస్త ముందు, ఒక దెబ్బ కాస్త వెనక, దాని ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటోంది. ఉమామహేశ్వరి చెయ్యి దించేసి, ఆకుపచ్చ దీపం వెలగ్గానే కారు ముందుకు కదిలించింది.